సంతకమున్న మెసేజ్

"పడవ బయలుదేరిందని చెప్పవయ్యా," అన్నాడు వరద కంట్రోల్ రూమ్ ఆఫీసర్ కిరీటి.

"పడవే లేదు కదా సార్," అన్నాడు హామ్ రేడియో వాలంటీర్ జయపాల్.

"లేదంటే గోల చేస్తారు. ఈ కాగితం చదువు."

ఉయ్యూరు అవతల సగం మునిగిన లంకలో, బడి డాబా మీద, పదిహేనుమంది ముసలివాళ్లతో మరో వాలంటీర్ స్టెల్లా రేడియో సెట్టు పట్టుకుని ఉంది.

జయపాల్ మైకు నొక్కి చదివాడు.

"పొద్దుట్నుంచి అన్నీ పుకార్లే జయపాల్ గారూ. దీనికి ఆఫీసర్ సంతకం ఉందా?" అంది స్టెల్లా.

కిరీటి కాగితం మీద సంతకం గీకాడు.

"ఉందమ్మా," అన్నాడు జయపాల్.

"హమ్మయ్య! మాకోసం ట్రాక్టరొచ్చింది. పడవొస్తోందిగా, పక్క ఊరికి పొమ్మన్నాను. డ్రైవరు బండి తిప్పుతున్నాడు."

"పడవ లేదు! ట్రాక్టర్ని ఆపమ్మా!" జయపాల్ అరిచాడు.

"దీనికి సంతకం ఉందా?"

జయపాల్ 'పడవ లేదు' అని రాసి, సంతకానికి కాగితం అందించాడు. కిరీటి పెన్నుకు మూత పెట్టాడు.