మాడిన వాసన

మాడి బొగ్గయిన కేకుల ట్రేను శ్రీలలిత టేబుల్ మీంచి మార్త ముందుకు తోసింది. ఎందుకు మాడుతున్నాయో ఈసారి తేలాల్సిందేనని పట్టుబట్టింది.

మార్త నోరు తెరవబోయి మెట్ల వైపు చూసింది.

"నేను మాట్లాడుతుంటే అటు చూస్తావేంటి? సాకులు మాత్రం చెప్పకు," అంది శ్రీలలిత.

మారేడ్‌పల్లిలోని ఆ బేకరీలో పిండి, ఓవెన్, చెమట అన్నీ కింద. ఏసీ, యజమానురాలు పైన. ఓవెన్ పాతది, వేడి ఒక పక్కే ఎక్కువ. ట్రేలు తిప్పుతూ ఉండాలి. ఆ పని మార్తది. క్రిస్మస్ ముంగిట్లో రోజూ ఒక ట్రే మాడిపోతుంటే ఏ.ఎస్. రావు నగర్ చర్చి వాళ్లు ఆర్డరు వెనక్కి తీసుకుంటామని బెదిరించారు. శ్రీలలితకు ఒళ్లు మండిపోతోంది.

ఆవిడ నెల కిందట ఓ పెద్ద హోటల్లో మేనేజ్‌మెంట్ క్లాసులకు వెళ్లొచ్చింది. అక్కడ విన్నది విన్నట్టు అమలు చేసే రకం. ఒక పనికి ఒకరే బాధ్యులన్నారని, ఓవెన్ మీద మార్త తప్ప ఇంకెవరూ చెయ్యి వేయకూడదని ఆర్డరేసింది. బాధ్యులతో రోజూ ముఖాముఖి మాట్లాడాలన్నారని, పొద్దున టీ తాగుతూ బెల్లు కొట్టి మార్తను పైకి పిలిపించి తలంటుతోంది. స్వయంగా వెళ్లి చూడాలన్న ముక్క ఒక్కటే మిగిలింది. ఓవెన్ దగ్గర ఉక్క కదా.

"రేపు నేనే వచ్చి కూర్చుంటాను. నీ సంగతేంటో నా కళ్లతో చూస్తాను," అంది.

అన్నట్టే మర్నాడు తలకు టోపీ పెట్టుకుని, ఓవెన్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చుంది. టీ కూడా అక్కడికే తెప్పించుకుంది. మార్త మీంచి చూపు తిప్పలేదు. పిండి కలిపే శాంతికుమార్ దగ్గడానికి కూడా భయపడ్డాడు. మార్త ట్రేలు తిప్పింది, తీసింది, పెట్టింది. సాయంత్రం దాకా ఒక్క కేకు మాడలేదు.

మార్తకు ప్రాణం లేచొచ్చింది. "చూసిండ్రు గద మేడం. నా చేతిల తప్పు లేదు."

"చూశాను. నేను ఎదురుగా ఉంటే ఒక్కటీ మాడలేదు. అంటే నేను లేనప్పుడు నీకు పని మీద ధ్యాస ఉండదన్నమాట."

"గట్లెట్ల అంటరు మేడం? పొద్దటి సంది చూస్తనే ఉన్నరు గద."

"అందుకే అంటున్నాను."

మార్త ముఖం వాడిపోయింది.

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే పైన బెల్లు మోగింది. మార్త చేతులు తుడుచుకుంటూ మెట్లెక్కింది. శ్రీలలిత టీ కప్పు పక్కన పెట్టి, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదని చెప్పేసింది. తన కళ్లతో చూశాక ఇక మాట్లాడేదేం లేదంది.

మార్త ఇల్లు గడిచేది ఈ జీతం మీదే. పండుగ ముందు పని పోతే ఏ బేకరీ తీసుకుంటుందని ఏడ్చింది, బతిమాలింది. శ్రీలలిత కరగలేదు. ఏడుపు చాలించమని కసిరింది. దాంతో మార్తకు కూడా రోషం వచ్చింది. ఏనాడూ లేనిది, ఎదురుగా ఉన్న కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నా తప్పేందో చెప్పుండ్రి. చెప్పినంకనే పోత."

చెప్పడానికి శ్రీలలిత చాలాసేపే తీసుకుంది. ఒళ్లు వంగదంది, పొగరంది, నమ్మకద్రోహం అంది. ఈసారి మార్త మెట్ల వైపు చూడలేదు.

మెట్ల మీదుగా మాడిన వాసన పైకొచ్చింది.

"చూశావా, మళ్లీ!" శ్రీలలిత ఒక్క ఉదుటున లేచింది. "ఓవెన్ దగ్గర ఎవరున్నారు?"

మార్త కుర్చీలోంచి కదలలేదు.

"ఇంకెవరుంటరు మేడం? నేనే."