అద్దంలో పడని చోటు

"ఏడీ? మాయమైపోయాడే!"

క్యాబిన్‌లో కూర్చున్న కుర్ర డ్రైవరు హారన్ కొట్టాడు. షెడ్డంతా ఒకటే నవ్వులు.

లారీ ఎడమ చక్రం పక్కనుంచి బెల్లు కొట్టుకుంటూ ఒక సైకిలు బయటికొచ్చింది. దాని మీద బక్కపలచటి పెద్దమనిషి. అందరూ ఆయన్ని బెల్లు మాస్టారంటారు.

"ఇక్కడే ఉన్నాను నాయనా. అద్దంలో లేనంత మాత్రాన రోడ్డు మీదే లేననుకోకు."

రోజూ లారీలు బయల్దేరే ముందు ఇదే తంతు. డ్రైవరు క్యాబిన్‌లో కూర్చోవాలి. మాస్టారు సైకిలు మీద చుట్టూ తిరుగుతాడు. ఆయన అద్దాల్లో కనపడకుండా పోయినప్పుడల్లా హారన్ కొట్టాలి.

దూరంగా టీ గ్లాసుతో నిలబడ్డ పెద్ద డ్రైవరుకి కడుపు మండిపోతోంది.

అది తనకు రావలసిన ఉద్యోగం. డ్రైవర్లకు పాఠాలు చెప్పే మనిషిని పెడుతున్నారని తెలిసిన రోజే ఇంట్లో గొప్పగా చెప్పేసుకున్నాడు. తీరా చూస్తే ఓనరు ఎక్కడినుంచో ఈ సైకిలాయన్ని పట్టుకొచ్చాడు. స్టీరింగు పట్టుకోవడం కూడా రాదట!

తనకెందుకు ఇవ్వలేదో పెద్ద డ్రైవరుకి తెలుసు. అప్పుడెప్పుడో మలుపు దగ్గర తన లారీ కింద ఒక సైకిలు పడింది. దాని మీదున్న పిల్ల పోయింది. తప్పు తనది కాదని కేసు కొట్టేశారు. ఓనరు మాత్రం మనసులో పెట్టుకున్నాడు. ఇంకేముంటుంది?

ఇంటికెళ్తే అక్కడా ఆ మాస్టారి గొడవే.

"ఏమండీ, మీ బెల్లు మాస్టారు మా కుట్టు సెంటరుకి వచ్చి చెప్పాడు. అప్పట్నుంచి లారీకి ఎడమపక్కన సైకిలు ఆపడమే మానేశాను."

"పెళ్ళైనప్పట్నుంచీ నేను మొత్తుకుంటున్నది అదేగా!"

"మీరెక్కడ మొత్తుకున్నారు? అడ్డం రావద్దని తిట్టారు, అంతే."

ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు షెడ్డులో గట్టిగానే అన్నాడు. "సర్కస్ ఎన్నింటికి మాస్టారూ?"

మాస్టారు నవ్వాడు. "మీరెక్కితే ఇప్పుడే. ఒక్కసారి క్యాబిన్‌లో కూర్చోండి తమ్ముడూ."

"నాకే నేర్పుతావా? అంత మొనగాడివా?"

మాస్టారు సైకిలు నడిపించుకుంటూ పక్కకు వెళ్ళాడు. ఆ మర్యాద చూస్తే ఇంకా ఒళ్ళు మండింది.

పెద్ద డ్రైవరు నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళాడు. "ఆయనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. లారీ తోలడం రానివాడు మాకు చెప్పడమేంటి సార్? నామోషీగా ఉంది."

ఓనరు ఏదో అనబోయాడు. గుమ్మంలో మాస్టారు.

"గొడవెందుకండీ, ఆయనకే ఇవ్వండి. సైకిలు ఇక్కడే ఉంచుతాను, పనికొస్తుంది."

వెళ్ళిపోయాడు.

మర్నాడు పెద్ద డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. "ఊఁ, ఎవడ్రా సైకిలెక్కేది?"

ఒక్కడూ కదల్లేదు. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"మీరెక్కకపోతే లోకం ఆగిపోతుందా?" పౌరుషంగా తనే ఎక్కాడు.

క్యాబిన్‌లో కుర్ర డ్రైవరు ఉన్నాడు, లారీ ఇంజను ఆన్‌లో ఉంది. ఎడమపక్కగా వెళ్ళి ముందు చక్రం దగ్గర ఆగి, తలెత్తి చూశాడు.

తలుపు రేకు తప్ప ఏమీ లేదు. అద్దంలో డ్రైవరు మొహం లేదు. పైన హారన్ మోగుతూనే ఉంది.

"కనపడలేదు, నేనేం చేయను" అని ఇన్నాళ్ళూ తనకు తనే చెప్పుకున్నాడు. కనపడని చోటొకటి ఉందని తెలుసుకుని, ఆ రోజు మలుపులో ఒక్క క్షణం ఆగి తిప్పి ఉంటే?

సైకిలు అక్కడే పడేసి ఓనరు గదికి పరుగెత్తాడు.

"మాస్టారిని పిలిపించండి సార్. కాళ్ళు పట్టుకుంటాను."

"ఎక్కడినుంచని పిలిపించను? పొద్దున్నే ఊరు విడిచి వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు."

"అసలు ఎవరు సార్ ఆయన?"

ఓనరు లేచి గది తలుపు మూశాడు.

"ఈ ఉద్యోగం నీకోసమే పెట్టమన్నాడు. నువ్వు ఒక్కసారి ఆ పక్కనుంచి చూస్తే చాలు, నీకంటే బాగా చెప్పేవాడు ఉండడన్నాడు. అంతవరకు తను తిరుగుతానన్నాడు."

"నాకోసమా? నేనెవర్నని?"

"ఆయనెవరో తెలిస్తే నువ్వు మళ్ళీ స్టీరింగు పట్టుకోలేవని నాచేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ రోజు పోలీస్ స్టేషన్‌లో మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చున్నావు, ఎవరి మొహమూ చూడలేదు."

ఓనరు గొంతు తగ్గింది.

"'ఆ డ్రైవరుకి నా కూతురు కనపడి ఉండదండీ, వదిలేయండి' అని పోలీసులకు చెప్పి నిన్ను ఇంటికి పంపించింది ఆయనే."