ఆమె ఎందుకు మాట్లాడదు

బొగ్గుబాయిల పనిచేసే మా ఆయన ఉపేందర్ రాసిన కథ పత్రికల అచ్చయింది. బొగ్గుబాయి కార్మికుని భార్య మీద కథ. కథ మొత్తంల ఆమె ఒక్క మాట మాట్లాడదు. గోదావరిఖనిల సాహిత్య సభ పెట్టి, "ఆమె మౌనమే తిరుగుబాటు" అని అందరు లేసి చప్పట్లు కొట్టిండ్రట.

సెలవు నాడు పొద్దుగాల చాయ తాగుకుంట గా కథ నాకు చదివి వినిపిచ్చిండు. నాకు ఒళ్ళు మండింది.

"తిరుగుబాటు గాదు, పాడు గాదు! నువ్వు నైట్ షిఫ్టు చేసొచ్చి పగలంత పండుకుంటవ్. నీ నిద్ర చెడుతదని కుక్కర్ కూత రాకుండ వండిన. సెల్‌ఫోన్ బంద్ పెట్టిన. పిల్లలు ఏడిస్తె వాళ్ల నోరు మూసిన. నాకు నవ్వొస్తె కొంగు అడ్డం పెట్టుకున్న. ఆమెకు మాటలు లేక గాదు, ఇంట్ల నువ్వు పండుకున్నవని మాట్లాడలే."

"మాట్లాడొద్దని నేనెప్పుడన్న అన్ననా?"

"అనలే. నైట్ షిఫ్టని చెప్పినవ్, గంతే చాలు."

ఆయన పత్రిక పక్కకు పెట్టిండు. "సరె, ఇయ్యాల నేను మేల్కొనే ఉన్న. ఆమె ఏమంటదో నువ్వే చెప్పు, రాస్త."

ఇన్నేండ్ల కోపం గొంతులకొచ్చింది. గట్టిగ మొదలుపెట్టిన. "ఆమె ఏమంటదంటే..."

క్వార్టర్ గోడను అవతలి నుంచి ఎవరో తట్టిండ్రు. పక్కింటి రాజకుమారి.

"అక్కా, జర మెల్లగ. మా ఆయన నైట్ డ్యూటీ చేసొచ్చి ఇప్పుడే పండుకున్నడు."

ఉపేందర్ మూతి మీద వేలు పెట్టి నా దిక్కు చూసిండు.

"ఈమెను గూడ రాసుకో" అని చెప్పిన.

గా మాట గూడ ఆయన చెవులనే చెప్పిన.