ఒకటి తక్కువ

వచ్చినాయన చెప్పులు గుమ్మం పక్కన సర్దిపెట్టి, కంప్యూటర్ ముందు కూర్చుని, జేబులోంచి పెన్సిలూ చిన్న నోటుపుస్తకమూ తీశాడు.

కంప్యూటర్ బాగుచెయ్యమంటే పెన్సిల్ తీసిన మనిషిని టీచరమ్మ చూడటం అదే మొదటిసారి. కంప్యూటర్ షాపతను చురుకైనవాణ్ణెవరినో పంపుతాడనుకుంటే, అరవై దాటిన మనిషి వచ్చాడు.

ఆవిడ హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. మధ్యాహ్నంలోగా ప్రశ్నపత్రం పంపాలి. కంప్యూటరేమో పొద్దుట్నుంచీ మొరాయిస్తోంది. సి డ్రైవు పూర్తిగా నిండిపోయింది. నింపింది మెయిల్ ఫైలు. పదేళ్ల ఉత్తరాలన్నీ ఒకే మూటగా అందులో పడున్నాయి.

"ఆ మూట తీసి డి డ్రైవులో పడేస్తే అయిపోతుంది కదండీ?"

అలా చెయ్యకూడదన్నాడాయన. ఫైలు ఉబ్బిపోయి ఒకటి రెండు చోట్ల దెబ్బతింది. డి డ్రైవులో కొత్త ఫైలు తెరవాలి. ఒక్కో ఫోల్డరూ అందులోకి కాపీ చెయ్యాలి. అక్కడెన్ని ఉన్నాయో ఇక్కడికి అన్నీ వచ్చాయో లేదో చూసుకున్నాకే పాతది తీసెయ్యాలి. పైగా ఆ మెయిల్ కంపెనీ ఎప్పుడో మూతపడింది కాబట్టి, ఈ ఉత్తరాలు ఈ పెట్టెలో తప్ప ఇంకెక్కడా లేవని కూడా గుర్తుచేశాడు.

చెప్పినంత నెమ్మదిగానూ చేశాడు. 'స్కూలు' ఫోల్డర్లో అటు 1206, ఇటు 1206. నోటుపుస్తకంలో టిక్కు పెట్టాడు. తర్వాత 'బ్యాంకు'. తర్వాత 'చుట్టాలు'. పదకొండు దాటింది. టీచరమ్మ కాలుగాలిన పిల్లిలా హాల్లో తిరుగుతోంది.

ఆఖరిదైన 'అమ్మ' అన్న ఫోల్డర్ దగ్గర పెన్సిల్ ఆగింది.

అటు 418. ఇటు 417.

మళ్లీ కాపీ చేశాడు. మళ్లీ అంతే.

"ఒకటి తక్కువొచ్చిందమ్మా."

"ఒకటే కదండీ, వదిలెయ్యండి."

ఈ మాట అన్నది పరీక్షల్లో అర మార్కు దగ్గర కూడా పిల్లల్ని వదలని మనిషి.

ఆయన మాత్రం వదల్లేదు. తేదీల వెంట వేలు పెట్టి వరసగా చూసుకుంటూ పోయాడు. ఆఖరి వరసకి వచ్చాక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తుడుచుకున్నది కళ్లజోడొక్కటే కాదని ఆవిడ కంటబడింది.

"ఇది... మీరింకా చదవలేదనుకుంటానమ్మా," అన్నాడు మెల్లగా.

ఆవిడకి ఒళ్లు భగ్గుమంది.

అమ్మ ఆస్పత్రిలోంచి పంపిన ఆఖరి ఉత్తరం అది. వచ్చిన రోజు స్కూల్లో తనిఖీ హడావుడి. తీరిగ్గా చదువుకుందామని పక్కన పెట్టింది. మూడో రోజుకి అమ్మ లేదు. తర్వాత తెరుద్దామంటే చెయ్యి రాలేదు. చదవని ఉత్తరం ఒకటుందని చెబుతూ ఆ ఫోల్డర్ పక్కన '1' అనే అంకె నాలుగేళ్లుగా అలాగే ఉంది. అమ్మ తనతో చెప్పాల్సిన మాట ఇంకా ఒకటి మిగిలుందని దాన్ని చూసుకునే బతుకుతోంది. తోడబుట్టిన అన్నయ్యకి కూడా చెప్పని సంగతి. అలాంటిది, ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి వేలు పెట్టి చూపించడమా?

"మీరు పని చెయ్యడానికొచ్చారా, నా ఉత్తరాలు చదవడానికొచ్చారా?"

"చదవలేదమ్మా. తేదీలే చూశాను. అది కాదు, పాత ఫైలు మాత్రం..."

"ఇంకేం చెప్పక్కర్లేదు. మీరు బయల్దేరండి."

ఆయన నోటుపుస్తకంలో ఏదో రాసి, ఆ కాగితం చింపి కీబోర్డు కింద పెట్టి వెళ్లిపోయాడు.

ఆవిడ షాపుకి ఫోన్ చేసి, ఇళ్లలోకి ఎలాంటివాళ్లని పంపుతున్నారంటూ దులిపేసింది. ఆ కోపంతోనే కంప్యూటర్ ముందు కూర్చుంది. సి డ్రైవు నిండిందని చూపే గీత ఇంకా ఎర్రగానే ఉంది. పాత ఫైలుని తీసెయ్యమంది. ఇంత పెద్దది చెత్తబుట్టలో పట్టదు, పోతే మళ్లీ రాదు, సరేనా అని కంప్యూటర్ అడిగింది. సరేనంది. ప్రశ్నపత్రం చకచకా వెళ్లిపోయింది. ఎలాగూ చోటు దొరికింది కదా అని ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ తెచ్చి అందులో నింపేసింది.

సాయంత్రం కోపం చల్లారాక మెయిల్ తెరిచింది.

'అమ్మ' పక్కన ఏ అంకే లేదు.

కీబోర్డు ఎత్తి కాగితం తీసింది.

"అమ్మ: 418. వచ్చినవి 417. రానిది చివరిది, మీరు చదవనిది. పాత ఫైలులోనే ఉంది. దయచేసి తీయవద్దు. రేపు వచ్చి బయటికి తీసిస్తాను."

పరుగులాంటి నడకతో షాపుకి వెళ్లింది. జరిగిందంతా విని షాపతను తల అడ్డంగా ఊపాడు. ఖాళీ అయిన ఆ చోట్లో ఫొటోలు నింపకుండా ఉంటే ప్రయత్నించేవాణ్ణని, ఇప్పుడిక దాని మీద ఆశ పెట్టుకోవద్దని అన్నాడు.

"ఆ పెద్దాయన్ని ఒక్కసారి పిలవండి. తీసిస్తానన్నారు. కాళ్లు పట్టుకుంటాను."

"ఆయనవల్లా కాదమ్మా. అయినా ఇక రారు. మీరు ఫోన్ చేశాక, ఇంక రావద్దని నేనే చెప్పేశాను. పెన్సిల్ ఇక్కడ పెట్టి వెళ్లిపోయారు."

"మీ దగ్గర పనిచేసే మనిషే కదా, కబురు పెట్టండి. క్షమించమనైనా అడుగుతాను."

షాపతను బల్ల మీది పెన్సిల్ని చేతిలోకి తీసుకున్నాడు.

"ఆయన నా దగ్గర పనిచేసే మనిషి కాదమ్మా. చనిపోయిన కూతురి ఉత్తరాలు కొత్త ఫైలులోకి మార్చిపెట్టమని ఆరేళ్ల కిందట నా దగ్గరికొచ్చారు. లెక్క చూసుకోకుండా పాత ఫైలు తీసేశాను, ఒక్కటీ మిగల్లేదు. నన్ను ఒక్క మాట అనలేదు గానీ, ఇంకెవరికీ అలా జరగకూడదని ఈ పని నేర్చుకుని, ఉత్తరాలు మార్చే పని ఎవరింట్లో ఉన్నా తనే వెళ్తున్నారు."