ఎదుటి షాపు మనిషి

సోమవారం పదకొండు గంటలకల్లా మూడు సూదులు విరిగాయి. మిషన్ తప్పేమీ లేదు. టైలరమ్మ చూపే గుడ్డ మీద లేదు.

రోడ్డుకు అవతల సైకిల్ షాపు. అందులో కొత్తగా పనికి చేరిన మనిషి టైరు ఊడదీస్తున్నాడు. నలభై దాటి ఉంటాయి. తల ఎత్తడు. మాట తక్కువ. అతను చేరిన రోజున టైలరమ్మ ఉన్నపళంగా షట్టరు దించేసి ఇంటికి వెళ్లిపోయింది. రెండు రోజులు రాలేదు. ఆదివారం నాడు, చర్చిలో పూజకు ముందు, ఫాదరు దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్లి మోకరించింది.

"మనసు ఒక చోట ఉండట్లేదు ఫాదర్. ఆ మనిషి కనబడితే చేతులు వణుకుతున్నాయి. కళ్లు మూసుకున్నా అతనే. పరలోక జపం సగానికి వచ్చి ఆగిపోతోంది."

"అతనికి తెలుసా?"

"నేనెవరో కూడా తెలియదు."

ఫాదరు అవతలనుంచి చెక్క జాలీకి దగ్గరగా జరిగాడు.

"దేవుడు ఆరు రోజులు పనిచేసి, చేసినదంతా చూసి, బాగుందనుకున్నాడు. ఆ మనిషినీ ఆయనే చేశాడమ్మా. నువ్వూ ఆరు రోజులు చూడు. రోజుకొక్క అందమైన సంగతి పట్టుకో. అదే నీ ప్రాయశ్చిత్తం."

"చూడకుండా ఉండే దారి చెబుతారనుకున్నాను."

"రెండు రోజులు చూడకుండా ఇంట్లో కూర్చున్నావుగా. కుదిరిందా?"

అందుకే సోమవారం మూడు సూదులు.

మధ్యాహ్నం అతను టిఫిన్ డబ్బా విప్పబోతూ ఆగి చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో, మోచేతుల దాకా, గోళ్ల సందులతో సహా. దేవుడి ముందుకు వెళ్లేవాడిలా. టైలరమ్మ కొలతల పుస్తకం చివరి పేజీ తీసి 'చేతులు' అని రాసింది. రాశాక కొట్టేయాలనిపించింది. కొట్టేయలేదు.

మంగళవారం అతను ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి, బుడగ కోసం కాచుకుని కూర్చున్నాడు. చంటిబిడ్డ ఊపిరి వింటున్నంత శ్రద్ధగా.

"అక్కా, ఈ జిప్పు పక్కకు పోయింది," అంది వెనకనుంచి జిరాక్సమ్మాయి.

పక్క షాపు ఆమెదే. వచ్చి రెండు నెలలైంది. ఈలోపే వీధిలో అందరి గుట్టూ ఆమె దగ్గర రెండేసి కాపీలుగా ఉంది.

"జిప్పు కాదక్కా పక్కకు పోయింది, నీ చూపు!" అని కిసుక్కున నవ్వింది.

టైలరమ్మ కుట్లు విప్పసాగింది.

బుధవారం ఒక బడిపిల్ల సైకిల్ తెచ్చింది. అతను బ్రేకులు బిగించాడు. నొక్కి చూశాడు. తోసి చూశాడు. మళ్లీ నొక్కాడు. ఇక వెళ్లమన్నాడు. నాలుగడుగులు వేసిందో లేదో వెనక్కి పిలిచి ఇంకోసారి నొక్కాడు. ఆ పిల్ల మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు.

ఆ పూట టైలరమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. ప్రార్థనకు కూర్చుంటే పరలోక జపం మళ్లీ అదే చోట ఆగిపోయింది.

గురువారం సాయంత్రం అతను చక్రం వంకర సరిచేస్తూ గిర్రున తిప్పాడు. ఎండ చువ్వల మీద పడి ముక్కలై, రోడ్డు దాటి వచ్చి, టైలరమ్మ గోడ మీద, తగిలించిన గౌన్ల మీద పరుగెత్తింది. ఇది అతని అందమా, సూర్యుడిదా? ఎటూ తేల్చుకోలేక రాసేసింది.

శుక్రవారం అతను చీపురు పట్టుకుని తమ షాపు ముందే కాదు, వీధి చివరిదాకా ఊడ్చాడు. వంగి వంగి మేకులు ఏరి డబ్బాలో వేశాడు.

"పంక్చర్లు వేసేవాడు మేకులు ఏరిపారేస్తే ఇక తినేదేంటక్కా? పాపం, వెర్రిబాగులవాడు," అంది జిరాక్సమ్మాయి. తర్వాత స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చుంది. "ఎన్నాళ్లిలా ఇక్కణ్ణుంచి చూడ్డం? బావ పోయి పదేళ్లయిందన్నావు. నీకు వెనకా ముందూ ఎవరున్నారు చెప్పు?"

టైలరమ్మ దారం తెంపింది.

"ఎవరూ లేరు."

"మరింకేం? వెళ్లి చెప్పెయ్. మహా అయితే కాదంటాడు."

శనివారం పొద్దున్నుంచీ ఏమీ దొరకలేదు. మధ్యాహ్నం దాటింది. కూర్చోలేక లేచింది, నిలబడలేక కూర్చుంది. ఉన్నట్టుండి షాపు దిగింది. సగం రోడ్డు దాటాక చేతిలో కత్తెర ఉందని చూసుకుంది. వెనక్కి వచ్చి, కత్తెర బల్ల మీద పెట్టి, మళ్లీ వెళ్లింది.

జిరాక్సమ్మాయి గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తోంది. మాటలు వినబడటం లేదు.

అతను స్టూలు తుడిచి ముందుకు జరిపాడు. ఆమె కూర్చోలేదు. గ్లాసు రెండుసార్లు కడిగి నీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె గ్లాసు అందుకుంది. తాగలేదు. ఒకే ఒక్క మాట అంది.

అతని చేతిలోంచి స్పానరు జారిపడింది. తొట్టి పక్కనే కూలబడి, మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు ఎగిరిపడుతున్నాయి. ఆమె అలాగే నిలబడింది. చాలాసేపటికి వంగి, ఆ గ్లాసే అతనికి చాపింది. అతను అందుకోలేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి అందుకున్నాడు.

టైలరమ్మ తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చుంది. కళ్లు తడిగా ఉన్నాయి. చేతులు మాత్రం నిలకడగా ఉన్నాయి.

జిరాక్సమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "చెప్పేశావా అక్కా? అంత మగాడు అలా ఏడ్చేశాడేంటి! ఇంతకీ ఏమన్నావు?"

"'నువ్వు లారీతో గుద్ది, నా కళ్లెదుటే ఆపకుండా వెళ్లిపోయిన పిల్లాడికి అమ్మని నేనే' అని చెప్పి, నీళ్లు తాగమన్నానే."