కుడిపక్క నిలబడు

తిమ్మయ్య పెండ్లాం సిద్దమ్మ పోయిననాడు శ్రీనివాసులు రాలేదు. ఆమె చేతి సంగటి తిన్న మనిషి ఆమె చివరిచూపుకు రాలేదు. నాలుగేళ్లయింది. తిమ్మయ్య ఆ తప్పును మరిచిపోలేదు, మన్నించనూ లేదు.

అందుకే ఉరుకుందమ్మ ఇంటర్వ్యూ కాగితం చదువుతూ ఆ పేరు పలకగానే ఆయన చుట్ట నేలకేసి నలిపేశాడు.

"ఇంకోసారి చదువు."

"సోమవారం పదకొండు గంటలకు, టైపిస్టు ఉద్యోగానికి, సూపరింటెండెంటు శ్రీనివాసులు గారి ఎదుట..."

"చాలు."

ఉరుకుందమ్మది పక్క గుడిసె. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యాక కట్టడం పనులకని ఆదోని పక్కనుంచి వచ్చిన కుటుంబం. పిల్ల స్కూలు ఫైనలు గట్టెక్కింది, టైపు నేర్చింది. రెండు ఇంటర్వ్యూలకు పోయి వచ్చింది. వేళ్లలో లోపం లేదు. నోరు పెగల్లేదు, అంతే. ఈసారి కూడా కాకుంటే ఊరికి తిరిగిపోయి శనక్కాయ చేలో దిగాల్సిందేనని తండ్రి చెప్పేశాడు.

"ఆయన నీకు తెలుసా తాతా?"

"అవ్వ చావుకు రాలేదు గానీ, మా ఇంట్లో కూడు తిన్నోడే."

"నువ్వు తాలూకాఫీసులో ఉన్నప్పుడా?"

"ఊఁ."

నందికొట్కూరు తాలూకాఫీసులో తిమ్మయ్య ఇరవై ఎనిమిదేళ్లు బంట్రోతు. పెళ్లికాని గుమాస్తాలు ఎందరో సిద్దమ్మ చేతి వంట తినిపోయారు. ఈయనా వాళ్లలో ఒకడనుకుంది ఆ పిల్ల.

మరునాటి పొద్దున్నే పాఠం మొదలైంది. నులకమంచం ఆఫీసరు కుర్చీ అయింది. తిమ్మయ్య కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. ఆయన ఎప్పుడూ అట్లనే కూర్చుంటాడు.

"చలేస్తాందా తాతా?" ఉరుకుందమ్మ నవ్వింది. మే నెల ఎండ అప్పటికే గుడిసెలోకి వచ్చేసింది.

"నా చెయ్యి సంగతి నీకెందుకు? వాకిట్లోకి పో. మళ్లీ లోపలికి రా."

ఆమె తల వంచుకుని వచ్చింది.

"నేల మీద ఏం పోగొట్టుకున్నావు? వెతుక్కుంటాండావా?"

"నమస్కారం సార్."

"ఎవరికి పెట్టినావు, చీమకా?"

"అయితే అరవమంటావా?"

"అరిస్తే నీ ముఖం చూడడు. మెల్లగానే చెప్పు, కానీ మాట కొసదాకా చెప్పు. నువ్వు కొస మింగుతాండావు. సగం మాట నీ కడుపులోకి పోతే ఆఫీసరుకు ఏం మిగులుతాది?"

ఆమె మళ్లీ బయటికి పోయి వచ్చింది. మళ్లీ పోయింది. పదోసారికి మాట కొస వినబడింది.

"ఆయన 'ఆఁ?' అంటాడు. అన్నప్పుడు అదే మాట తిరిగి చెప్పొద్దు. వేరే మాటల్లో చెప్పు. 'వినపడలేదా సార్' అని మాత్రం అడిగినావో, నీ పని అయిపోయినట్టే."

"సరే."

"బల్లకు ఎదురుగా నిలబడొద్దు. ఆయనకు కుడిపక్క నిలబడు."

"ఎందుకు?"

"ఎడమ చెవి వినపడదు. ఎవరికీ తెలియనీయడు. గొణిగేవాళ్లను పనికిరారని పంపించేస్తాడు."

"చెప్పుకుంటే ఏం పోతాది తాతా?"

"పొగరు. ముందునుంచీ అంతే." తిమ్మయ్య చూరు వైపు చూశాడు. "నా పేరు ఆడ ఎత్తొద్దు. ఒట్టు వెయ్యి."

ఒట్టు వేసింది.

ఆదివారం సాయంత్రానికి ఆమె తల ఎత్తి, కుడిపక్క నిలబడి, తన చదువు, టైపు వేగం, ఊరు అన్నీ తడబడకుండా చెప్పింది. తిమ్మయ్య తప్పు కోసం వెతికాడు. దొరకలేదు. లేచి, ఉట్టిలోంచి బెల్లంముక్క తీసి చేతిలో పెట్టాడు.

సోమవారం ఆమెతో ఆఫీసులు నడిచే గుడారాల దాకా నడిచాడు. లోపలికి రమ్మంటే రాలేదు. రోడ్డుకు ఇవతల, ఎండలోనే నిలబడ్డాడు.

గంటన్నర తర్వాత ఆమె దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"రేపటినుంచి పనికి రమ్మన్నాడు తాతా."

"కొస మింగినావా?"

"మింగలేదు. రెండుసార్లు 'ఆఁ?' అన్నాడు, రెండుసార్లూ వేరే మాటల్లో చెప్పినా." ఊపిరి పీల్చుకుంది. "అంతా అయినాక ఒకటి అడిగినాడు. 'అందరూ ఎదురుగా నిలబడినారు, నువ్వు ఈ పక్కకు వచ్చినావే, ఎవరు చెప్పినారు?' అని."

తిమ్మయ్య ముఖం మారింది. "పేరు చెప్పినావా?"

"లేదు. పక్కింటి తాత అన్నా. ఎట్లుంటాడు అన్నాడు. ఏం చెప్పాల? శానా తిడతాడు, ఎండాకాలంలో కూడా కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చుంటాడు అన్నా."

"దానికేమన్నాడు?"

"కలం కింద పెట్టినాడు. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత, 'ఆయన్ను ఒకసారి తోడుకొని రా' అన్నాడు. ఆ మాట మాత్రం కొస మింగినాడు తాతా, నా మాదిరే."

తిమ్మయ్య రోడ్డు పక్క మైలురాయి మీద కూర్చుండిపోయాడు.

"పోదాం రా. లోపలే ఉండాడు. నీకోసమే చూస్తాండాడు."

"రాను."

"అవ్వ చావుకు రాలేదనేనా ఇంత కోపం?"

"అమ్మీ, ఆ మనిషి మాట నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఆయన గుడారాల వైపు చూడకుండా కుడిచెయ్యి తొడ కిందికి తోసుకున్నాడు.

ఆనాడు పన్నెండేళ్ల కొడుకు ఎడమ చెవి మీద పడింది ఆ చెయ్యే.