కోసిన కేబుల్

“ఇది తెగింది కాదక్కా. ఎవరో కోసేశారు,” అన్నాడు తమ్ముడు కారు కింద పడుకునే.

ఆమె చేతిలోని టార్చిని పక్కకు తిప్పింది.

పొద్దున ఇంజన్ బాగానే స్టార్టయింది. గేరు లివరు ఎటు లాగితే అటు వచ్చింది. చక్రాలు మాత్రం అంగుళం కదల్లేదు. లివరునీ గేరుబాక్సునీ కలిపే కేబుల్ లేకపోతే ఆటోమేటిక్ బండి పార్కు గేరులోనే బిగుసుకుపోతుంది. ఆ సంగతి ఎప్పుడో మాటల్లో తమ్ముడే చెప్పాడు ఆమెకు.

వెనక సీట్లో పెట్టెలు సర్ది ఉన్నాయి. వరండాలో భర్త కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బయటి బండి పిలిస్తే వీధంతా చూస్తుందని ఆయన భయం. అందుకే మెకానిక్ అయిన బావమరిదికి ఫోన్ చేశాడు.

ఆయనకు ఇంకొకామె ఉందని ఆమెకు తెలుసు. ఆయన దాచనూ లేదు. ఈ కారు గేటు దాటిందంటే ఆమె సంసారం అక్కడితో సరి.

తమ్ముడు బయటికి జరిగి ఆమె మొహంలోకి చూశాడు. కోసిందెవరో అర్థమైపోయింది వాడికి.

“కేబుల్ దొరకలేదని చెప్పరా,” గొంతు తగ్గించి అంది. “రెండు రోజులు ఆగితే ఆయన మనసు మారుతుందేమో.”

అమ్మ పనికెళ్తే వాణ్ణి చంకనేసుకుని తిరిగింది ఆమే. జ్వరమొస్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నదీ ఆమే.

వాడు సంచిలోంచి కొత్త కేబుల్ తీశాడు. వాడి చేత షెడ్డు పెట్టించింది బావే మరి.

ఒక కొస లివరుకు తొడిగాడు. రెండోది కిందికి దించి, సైలెన్సరుకు తగలకుండా తిప్పి, గేరుబాక్సు దగ్గర నొక్కాడు. టక్కుమంది.

“కేబుల్ ఊడకుండా పెట్టే క్లిప్పేదక్కా?”

“ఏమో, నేను చూళ్లేదు.”

వాడు ఆమె పాదం వైపే చూస్తూ చెయ్యి చాపాడు. ఆమె కాలు తీసింది. దాని కిందున్న క్లిప్పు తీసుకుని వాడు బిగించాడు.

“లోపల కూర్చుని లివరు డ్రైవులో పెట్టు.”

“రావడంలేదురా.”

“బ్రేకు తొక్కకపోతే ఎలా వస్తుంది?” వాడే వచ్చి, వంగి బ్రేకు నొక్కి, ఆమె చేతిమీదుగా లివరు లాగాడు. హాయిగా వచ్చింది. మళ్లీ పార్కులో పెట్టి, జాకీలు దించి, “అయిపోయింది బావా!” అని కేకేశాడు.

ఆమె కిందికి దిగింది. “నువ్వసలు నా తమ్ముడివేనా?”

“నన్నేం చెయ్యమంటావక్కా?” వాడు చేతులు తుడుచుకుంటూ మొహం తిప్పుకున్నాడు.

భర్త వెళ్లి గేటు బార్లా తెరిచాడు.

తెరిచి, కారెక్కకుండా పక్కకు తప్పుకుని అక్కడే నిలబడ్డాడు. తమ్ముడు స్టీరింగు ముందు కూర్చుని, ఆయన ఆమె చీరలు కుక్కి పెట్టిన పెట్టెల పక్కన చోటు చూపిస్తూ, “ఎక్కక్కా, అమ్మ దగ్గర దింపేస్తాను,” అన్నాడు.